బోణీకి పోయిన జాడీ

వదిన తన క్వార్టర్ పెరటి మట్టితో చేసిన జాడీని ఒక ఆదివారం పొద్దున్న బీచ్ రోడ్డులో నేను బోణీకి అమ్మేశాను. ధరకు ఒప్పుకున్నది నేను. పాత పేపరు చుట్టింది నేను. కొన్నావిడ నెత్తి మీది బేసిన్ దింపించి, చేపల పక్కన అది కదలకుండా సర్ది, మళ్ళీ నెత్తికెత్తింది కూడా నేనే. గిరాకీని అంత మర్యాదగా సాగనంపడం మా నాన్న కొట్లో నేర్చుకున్న విద్య.

వదిన అంటే మా అన్నయ్య భార్య కాదు. మాకు చుట్టరికమే లేదు. మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్లో మట్టిపని నేర్పే స్టూడియో ఉంది. మొదటిసారి వెళ్ళినప్పుడు, దాన్ని నడిపే పాత టౌను భాయ్ ఫీజు చెప్పాడు. చెప్పిన ధరకు ఊ అనడం మా ఇంటా వంటా లేదు. పక్కన ఎవరో పొడుగాటి ఆవిడ, చేతిలో గుడ్డసంచీతో, తిరుగుతున్న చక్రాల వంక చూస్తూ నిలబడి ఉంది. ఆవిడ మోచెయ్యి పట్టుకుని, "మేమిద్దరం వదినా మరదళ్ళం. ఇద్దరం చేరతాం, కలిపి చెప్పండి" అన్నాను. ఆవిడ రెప్పయినా కొట్టలేదు.

"అవునండీ, మా ఆడబడుసు. దీన్ని ఒంటరిగా ఎక్కడికీ పంపం, నోరు మంచిది కాదు" అంది.

భాయ్ తగ్గించాడు. ఆ అబద్ధాన్ని ఆ తరవాత వదిలెయ్యడానికి మా ఇద్దరికీ మనసొప్పలేదు. ఆవిడ నన్ను షావుకారూ అంటుంది. నేను ఆవిడను వదినా అంటాను.

పాత టౌన్లో మాది స్టీలు సామాన్ల కొట్టు. మట్టి సామాను మా నాన్న దృష్టిలో అసలు సామానే కాదు. కిందపడితే చచ్చే వస్తువును అమ్మి జనంతో ఎవరు మాట పడతారు అనేవాడు. ఆ ఇంట్లో పుట్టినదాన్ని యాభై దాటాక మట్టి పిసకడానికి ఎందుకు వెళ్ళానంటే, మోకాళ్ళ నొప్పికి డాక్టరు రోజూ నడవమన్నాడు. ఆ మాట తప్పించుకోడానికి కూర్చుని చేసే పని వెతుక్కున్నాను. మొదట్లో నేను చేసిన గిన్నెలన్నీ ఒకవైపు ఒరిగేవి. "కావాలనే అలా చేశాను, చారు వొంపుకోడానికి వీలు" అని అక్కడున్న వాళ్ళందరికీ అంటగట్టబోయేదాన్ని. వదిన నవ్వు ఆపుకోలేక చక్రం ఆపేసేది.

బట్టీ పేర్చే రోజు నాకు పండగ. ఎవరి వస్తువు ఏ అరలో, ఎంత చోటులో అన్నది ఆ రోజే తేలుతుంది. "మీ కప్పు కాస్త జరిపితే నా పళ్ళెం పడుతుంది కదండీ, ఖాళీని కాల్చడమెందుకు?" అని ఒక్కొక్కరి దగ్గరా వేలెడు చోటు గుంజేదాన్ని. వదిన మాత్రం అడక్కముందే తన చోటు నాకు వదిలేసేది. అలా ఇచ్చేసే మనుషులంటే నాకు చిరాకు. పెనుగులాడకుండా దొరికినదాంట్లో రుచేముంది?

ఆవిడ వదలనిది ఒక్కటే, ఆ జాడీ.

వాళ్ళాయన స్టీలు ప్లాంటులో షిఫ్టులు చేసి చేసి రిటైరయ్యాడు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఉంటున్న ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. సామానంతా గోపాలపట్నం ఫ్లాటుకు వెళ్ళింది. వదిన మాత్రం పెరట్లో బట్టలుతికే బండ పక్కన తవ్వి, ఆ ఎర్రమట్టిని బియ్యం సంచీలో నింపి, బస్సులో వేసుకుని స్టూడియోకి తెచ్చింది. భాయ్ కాస్త తడిపి, తాడులా చేసి వేలికి చుట్టి చూశాడు. వంగిన చోటల్లా పగిలింది.

"ఇది గోడకు పనికొస్తుంది గానీ కుండకు రాదు, వదినమ్మా. కొన్న మట్టి కలపండి" అన్నాడు.

ఆవిడ కలపనంది. నానబెట్టింది. పాత నూలుచీరలో వడగట్టింది. చేసినవి చేసినట్టే ఆరుతూ చీలిపోయాయి. ఆరి నిలబడ్డవి బట్టీలో పోయాయి. చివరికి సంచీ దులిపిన మట్టితో చేసినది ఒక్కటి చెక్కుచెదరకుండా బయటికొచ్చిందని నాకు ఫోన్లో చెప్పింది. నేనప్పుడు ఒక పెళ్ళికని రాజమండ్రిలో ఉన్నాను, దాన్ని చూడలేదు. అప్పటికే క్వార్టర్ తాళాలు ఇచ్చేశారు. పెరట్లో ఎవరిదో బండి నిలబెట్టి ఉందట. మళ్ళీ తవ్వుకోడానికి చోటు లేదు.

"ఇదొక్కటుంటే సాలు షావుకారూ. ఇల్లయితే తెచ్చుకోనేం కదా" అంది.

ఆ ఆదివారం బీచ్ రోడ్డులో నడిచేవాళ్ళ కోసం మడత బల్ల వేసి, అందరం చేసినవి అమ్మకానికి పెట్టాం. ఇంకా సరిగా తెల్లవారలేదు. వదిన సామాను సర్ది, "నాది సూడ్డానికే తెచ్చేను, అమ్మకానికి కాదు" అని గడ్డంతో వెనక వరస చూపించి, ఇడ్లీలు కట్టించడానికి వెళ్ళింది. భాయ్ రెండో పెట్టె కోసం ఆటో దగ్గరికి నడిచాడు. వెనక వరసలో రెండున్నాయి. ఒకటి నీలంగా, నున్నగా, వీధి దీపం వెలుగులో మెరిసిపోతోంది. రెండోది ఎర్రగా, ముతకగా, పొట్టిగా, మూతి వెడల్పుగా ఉంది. కొట్లో పెరిగినదాన్ని కదా, అమ్మకానికి పెట్టని వస్తువంటే మెరిసేదే అయివుంటుందని నా లెక్క. ఎర్రమట్టి మీద నీలం పూత పూసిందనుకున్నాను. నీలందాన్ని భద్రంగా బల్ల కింద దాచాను. ముతకదాన్ని, వెనకుంటే ఎవరు చూస్తారని, ముందుకు జరిపాను.

అప్పుడు హార్బరు వైపు నుంచి ఒక చేపలావిడ వచ్చింది. నెత్తి మీద ఆకుపచ్చ బేసిన్, ముక్కుకు రెండు వైపులా పుడకలు. నడక ఆపి, ముతకదాన్ని వేలితో కొట్టి చూసింది.

"ఏటమ్మా, ఈ దాకెంత?"

"దాక కాదు, జాడీ."

"జాడీ అయితే మూతేదీ? దాకే ఇది. ఎంతో సెప్పు."

చెప్పాను. ఆవిడ బేసిన్ కదలకుండా నవ్వింది.

"మట్టేనా? బంగారం కలిపేరేటి?"

"చేత్తో చేసిందమ్మా ఇది, మిషన్ది కాదు."

"నా సేపలు మరి మిషనుతో పట్టేరేటి?"

నాకు ఒళ్ళు పులకరించింది. ఇంతకాలానికి నా తరహా మనిషి దొరికింది. నేను కాస్త దిగాను, ఆవిడ కొంచెం ఎక్కింది. నేను జాడీని వెనక్కి లాక్కున్నాను. ఆవిడ తన ధర చెప్పేసి నడక సాగించి, తల తిప్పకుండానే అంది:

"బోణీ బేరం ఒగ్గుకుంటావేటి? నీ ఇట్టం తల్లీ."

మా కొట్లో మొదటి గిరాకీ ఉత్త చేతులతో మెట్లు దిగితే, మా నాన్న మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నష్టానికైనా ఇచ్చి పంపేవాడు. పొద్దున్నే మొదటి మనిషిని కాదన్న కొట్లో ఆ రోజు ఈగలే వాలతాయని మా అందరి నమ్మకం. నా నోరు నన్నడగలేదు. "రామ్మా రా, తీసుకో" అనేసింది. డబ్బు కళ్ళకద్దుకున్నాను.

"ఈయాల మా గుంట అత్తోరు వత్తన్నారు. ఇందులోనే పులుసెట్టేత్తాను. బేగి ఎత్తమ్మా బేసిన్" అంది ఆవిడ. ఎత్తాను.

వదిన ఇడ్లీ పొట్లాలు బల్ల మీద పెడుతూనే వెనక వరస చూసింది.

"షావుకారూ, నాదేదీ?"

"దాచేను వదినా" అని నీలందాన్ని గొప్పగా బయటికి తీశాను.

ఆవిడ చెయ్యి చాపలేదు. "ఇది భాయ్‌ది" అంది. కళ్ళు బల్ల ముందు భాగాన్ని వెతికాయి. ఖాళీ చోటు దగ్గర ఆగిపోయాయి.

"బోణీ వదినా" అన్నాను.

"ఎవులికి?"

"చేపలావిడకు. పులుసు పెట్టుకుంటుందట."

అప్పుడే వచ్చిన భాయ్ చేతిలో పెట్టె దించేశాడు. "పొయ్యి మీదా? అరె, ఆ మట్టి మంటకు ఆగదు. ఎంత కాల్చినా అది మన బట్టీలో మెల్లగా వేడెక్కింది. మంట ఒక్కసారి తగిలిందంటే రెండు ముక్కలే."

వదిన కొంగు నడుముకు చుట్టుకుని నా స్కూటీ వైపు నడిచింది. రెండు తిట్లు తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది.

పొద్దుటి పూట బీచ్ రోడ్డు మీద బండ్లు పోనివ్వరు. పైకెక్కి, చినవాల్తేరు సందుల్లోంచి చుట్టు తిరిగి, చేపలావిడ నడిచిపోయిన జాలరిపేట వైపు దిగాలి. ఎప్పుడూ నా భుజం పట్టుకుని కూర్చునే మనిషి ఆ రోజు వెనక కమ్మీ పట్టుకుని కూర్చుంది. ప్రతి గతుక్కీ నాకు మట్టి చిట్లిన చప్పుడే వినిపించింది. కొన్నావిడ ముందు చేపలమ్ముకుని కదా ఇంటికెళుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. చుట్టాలొస్తుంటే ఎవరమ్ముకుంటారు అని మళ్ళీ నేనే జవాబిచ్చుకున్నాను.

జాలరిపేట మొదట్లో గోడ నీడన వల బాగుచేసుకుంటున్న ఆయన్ని అడిగాను. "బాబూ, ముక్కుకు రెండు పుడకలు, ఆకుపచ్చ బేసిన్..."

"రెండు పుడకలు నేనోళ్ళు ఎవులున్నారమ్మా ఇక్కడ?" అన్నాడు వల మీంచి తలెత్తకుండా.

"మట్టి జాడీ కొంది పొద్దున్న" అంది వదిన.

"దాకా? ఆవిడా? సేపలు సెల్లికిచ్చేసి, ఊరందరికీ ఆ దాక సూపించుకుంటా పోయింది. అదిగో, నీలం తలుపు సందు."

సందు మొదట్లోనే చింతపండు, అల్లం, చేపల వాసన కలిసి ముక్కుకు తగిలింది. ఇంకో రోజయితే ఆకలేసేది. ఆ రోజు పరుగందుకున్నాను.

వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి. సరుగుడు పుల్లల మంట. మంట మీద వదిన జాడీ. అందులో పులుసు కుతకుతలాడుతోంది. జాడీ అడుగు అప్పటికే నల్లబడింది. ఇంకా పగల్లేదు.

నేను ముందుకు దూకి, "దించెయ్యమ్మా, దించెయ్యి" అన్నాను.

"దింపకు!" అని వదిన నన్ను వెనక్కి లాగింది. "ఇంత వేడి మీద కింద పెడితే అప్పుడే పోతాది."

చేపలావిడ గరిటె పైకెత్తి నిలబడింది. "ఎవులే మీరు? నా పొయ్యి కాడ మీ గోలేటి?" అని, నన్ను గుర్తుపట్టింది. "ఓలమ్మ, నువ్వా!"

నేను బేరానికి దిగాను. ముందు సరుకులో లోపం చెప్పాను. "అమ్మా, అందులో చిన్న తేడా ఉంది. నీకు మంచిది ఇంకోటి ఇస్తాను."

"తేడా ఉన్న దాక కోసం ఇంత దూరం పరిగెట్టుకొచ్చేరా?"

గొంతు మార్చాను. "పోనీ, నువ్విచ్చినదానికి రెట్టింపు ఇస్తాను."

"రెట్టింపా?" ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. "అయితే దీన్లో ఏదో ఉంది. ఇంక అసలియ్యను. బోణీ సొమ్ము తిరిగిత్తానంటన్నావు, సిగ్గునేదా? నీ కొట్టూ మూతపడతాది, నా బేసినూ ఎండిపోతాది."

కావాలన్న సంగతి ముఖంలో కనిపించిందంటే బేరం అక్కడితో సరి. నా జీవితంలో ఇంత చెత్తగా ఎప్పుడూ ఆడలేదు. మూడో ఎత్తు కోసం వెతుక్కుంటుండగా వదిన పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది.

"అది మా పెరటి మట్టమ్మా. ఎన్ని సేసినా ఒక్కటే నిలబడింది. ఇప్పుడా పెరడు నాది కాదు."

చేపలావిడ గరిటె దించింది. వదిన వంక చూసింది, జాడీ వంక చూసింది.

"మరి పులుసొగ్గేమంటావా? సుట్టాలొచ్చే ఏళ."

"ఒగ్గొద్దు. అవనీ. పుల్లలు మాత్రం ఒకటొకటిగా లాగుదాం. మంట ఒక్కసారి తగ్గకూడదు, ఒక్కసారి పెరగకూడదు."

"గాలి ఏస్తాంది మరి."

"దీన్ని నిలబెడదాం" అంది వదిన, నన్ను చూపించి.

అలా నేను సముద్రం గాలికి అడ్డంగా చీర కొంగు చాపి నిలబడ్డాను. ఇద్దరూ పొయ్యికి చెరో పక్క కూర్చున్నారు. చేపలావిడ ఒక పుల్ల లాగేది, వదిన జాడీ మూతి దగ్గర చెవి పెట్టి వినేది, తల ఊపితే ఇంకో పుల్ల. పొగ నా కళ్ళలోకే వచ్చింది, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

సగం పుల్లలు లాగాక, టిక్కుమంది.

చిన్న చప్పుడు. గాజు మీద గోరు తగిలినట్టు. ముగ్గురం బిగుసుకుపోయాం. పులుసు కారలేదు. నిప్పు చుర్రుమనలేదు. వదిన జాడీ చుట్టూ కళ్ళు తిప్పింది. మసి కింద ఏమీ కనిపించలేదు.

"పుల్ల పేలింది" అంది చేపలావిడ. మనం అడక్కుండానే ధైర్యం చెప్పే గిరాకీని నమ్మకూడదని నాకు తెలుసు.

పక్కనే వేడి బూడిద పోగు చేసి, ఇద్దరూ తడి గుడ్డలు వద్దనుకుని, పొడి గోనెపట్టాలతో పట్టుకుని జాడీని అందులోకి దించారు. ఆలోగా చుట్టాలొచ్చారు. ఎవరీ ఆడవాళ్ళని వాళ్ళు అడిగితే, "దాక తాలూకా మనుసులు" అంది చేపలావిడ. మాకూ ఆకులు వేసింది. పులుసు అద్భుతంగా ఉందని నేను ఇప్పుడు చెప్పగలను. అప్పుడు వదిన పక్కన కూర్చుని ముళ్ళు ఏరడమే పనిగా పెట్టుకున్నాను. ఆవిడ జాడీ మీంచి చూపు తిప్పకుండా తింది. వడ్డించే పిల్ల గరిటె జాడీ అంచుకు తగిలినప్పుడల్లా ఆవిడ చెయ్యి ఆకు మీద ఆగిపోయేది.

జాడీ ఖాళీ అయి, చల్లారాక, వదిన గోరువెచ్చటి నీళ్ళు అడిగి తీసుకుని నిండా పోసింది. బయట మసి తుడిచింది. వాకిట్లో పీట మీద పెట్టి ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. ఏమీ కాలేదు. నేను ఊపిరి వదలబోయాను. అడుక్కి కాస్త పైన, వెంట్రుకంత గీత తడిసింది. దాని చివర ఒక బొట్టు పుట్టి, పెరిగి, జారింది.

"పోయింది" అంది చేపలావిడ. "ఇంక పులుసుకి పనికిరాదు. నాకెందుకు? అట్టుకుపో."

నేను వెంటనే నేల చూశాను. అలాంటి క్షణంలో సంతోషం పైకి కనిపిస్తే ఎదుటి మనిషి మాట వెనక్కి తీసుకుంటాడు. వదినకు కళ్ళతో చెప్పాలని చూశాను. చెప్పక్కర్లేకపోయింది. ఏనాడూ బేరమాడని మనిషి, "అయ్యో, పగిలిపోయిందే" అంది. గొంతు కూడా కాస్త వణికించింది. ఆ చేతులు మాత్రం అప్పటికే జాడీని ఒళ్ళోకి లాక్కున్నాయి.

"సాల్లే" అంది చేపలావిడ. "ఏడుపు మొకమెట్టకు. నీ సంబరం సెవుల దాకా ఎక్కింది, నాకు కనపడతంది. ఊరికే ఇచ్చేసేననుకుంటన్నావేటి? నా బోణీ నాకు దక్కాల. నాకో దాక కావాల, మంటకు ఆగేది. నా కళ్ళెదురుగా సెయ్యాల. మీరు పేపర్లో సుట్టిచ్చింది నానింక ముట్టను."

"కళ్ళెదురుగా అంటే మధురవాడ దాకా రావాలమ్మా, చార్జీలు..." అని నేను మొదలుపెట్టాను. వదిన నా కాలు తొక్కింది.

ఆవిడ వచ్చింది. పొద్దుటి బేరాలయ్యాక, ఖాళీ బేసిన్‌తో, ఆటోలో. మా రెండు చక్రాల మధ్య స్టూలు వేసుకుని కూర్చుంది. వదిన చేస్తుంటే, "అడుగింకా మందం... అంత కాదు... మూతికి పెదవుండాల, గుడ్డతో పట్టుకోడానికి" అని ఆజ్ఞలు వేసింది. భాయ్ మట్టిలో ఇసక కలిపాడు. మొదటిది ఆరుతూ చీలింది. రెండోదానికి నేను ఎవరినీ ఒక్క వేలి చోటైనా అడక్కుండా బట్టీలో మధ్య అరలో నా చోటు వదిలేశాను. నన్ను నేనే గుర్తుపట్టలేదు.

దాన్ని సెల్లారు వెనక సందులో రాళ్ళు పెట్టి, నీళ్ళు పోసి, మంట మీద పెట్టాం. పొగ వస్తోందని వాచ్‌మన్ గొడవ పడ్డాడు. చేపలావిడ వాణ్ణి వేలు చూపించి కూర్చోబెట్టింది.

"ఎవులూ మాటాడకండి. ఇనపడాల."

వదిన చెవి దగ్గర పెట్టింది. భాయ్ చేతులు కట్టుకున్నాడు. నీళ్ళు సన్నగా మోగడం మొదలెట్టి, ఉడికి, పొంగాయి. పుల్లల చిటపటలో టిక్కుమన్న చప్పుడు కోసం అందరం తలలు వంచి కాచుకున్నాం. నీళ్ళు సగానికి మరిగేదాకా ఆవిడ ఎవరినీ కదలనివ్వలేదు. తరవాత కొంగుతో మూతి పట్టుకుని నీళ్ళు సందులో వొంపేసి, దాకను వెలుగుకు పెట్టి లోపలికి చూసింది. గోటితో కొట్టింది. మళ్ళీ కొట్టింది.

"బాగానే ఉంది" అంది. వేడి దాకను గోనెపట్టాతో బేసిన్‌లో పెట్టుకుని, వదిన వైపు తిరిగింది.

"మా సెల్లికొకటి కావాల. ఈసారి నాను సేత్తాను. నువ్వు సూడు."